బైండు కట్టే చేతికి ఏమివ్వాలి

విజయవాడ

చి.ల.సౌ. అమ్మలుకి,


నీ ఉత్తరం అందింది. అల్లుడుగారి పుట్టినరోజుకి బైండింగు సామాను ఏదైనా కొనాలని ఉందని, ఏది కొనాలో తోచడం లేదని రాశావు. ఉద్యోగం చూసుకుంటూనే, తీరిక దొరికితే చాలు కాగితాలు ఫారాలుగా మడిచి కుట్టుకునే మనిషి ఈ రోజుల్లో అరుదు. ఆ ఇష్టాన్ని కనిపెట్టి, దానికి తగిన వస్తువే ఇవ్వాలని నువ్వనుకోవడం నాకింకా నచ్చింది.

నువ్వు ఫొటో పంపిన చెక్కపెట్టె సెట్టు మాత్రం కొనకు. అందులో ఉన్న సూదులు, దబ్బనం, కత్తి, అన్నీ కొత్తగా మొదలుపెట్టేవాళ్ల కోసం. అతను ఏడాదికి పైగా కడుతున్నాడు, అవన్నీ అతని దగ్గర ఉండే ఉంటాయి. పైగా దబ్బనం పిడి ఎంత లావుండాలో, కత్తి ఎంత బరువుండాలో పనిచేసేవాడి అరచేతికే తెలుస్తుంది. ఇంకొకరు ఎంచి తెచ్చిన పనిముట్టు ఎక్కువసార్లు సొరుగులోనే ఉండిపోతుంది.

వాడితే అయిపోయే సరుకు కొను. కాగితం, దారం, గుడ్డ. సరదాకి బైండింగు చేసేవాళ్లు తమకోసం కొనుక్కునేటప్పుడు వీటి దగ్గరే చెయ్యి బిగపడతారు. తప్పుపోతే వృథా కదా అని చౌకరకం తెచ్చుకుంటారు. లైబ్రరీ బైండింగు సెక్షన్లో కుర్రాళ్లకి పని నేర్పిన రోజుల్లో గమనించాను, మంచి కాగితం చేతికిస్తే వాళ్ల మడత తీరే మారిపోయేది. జాగ్రత్త దానంతటదే వచ్చేది.

ముందు దారం సంగతి. నైలాన్ దారం గట్టిదే కానీ కాగితాన్ని కోసేస్తుంది, ముడి జారిపోతుంది. పుస్తకం కుట్టడానికి లినెన్ దారమే సరైనది, అంటే అవిసె నారతో పేనినది. రీలు మీద 18/3, 25/3 అని అంకెలుంటాయి. మొదటి అంకె పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది, రెండోది ఎన్ని పోగులు కలిపి పురిపెట్టారో చెబుతుంది. ఎక్కువ ఫారాలున్న పుస్తకానికి లావు దారం వాడితే మడత దగ్గర దారమే పేరుకుని వెన్ను ఉబ్బుతుంది. అందుకని సన్నది ఒకటి, ఓ మాదిరిది ఒకటి, రెండు రీళ్లు తీసుకో. పక్కన చిన్న తేనెమైనం బిళ్ల పెట్టు. కుట్టేముందు దారాన్ని దాని మీదుగా ఒకటి రెండుసార్లు లాగితే చిక్కు పడదు, కన్నంలోంచి సాఫీగా వస్తుంది. ఖర్చు పెద్దగా ఉండదు. అయినా చూడగానే అతని మొహం వెలుగుతుంది.

కాగితం దగ్గర కొంచెం ఓపిక పట్టి చదువు, దుకాణంలో నీకు పనికొస్తుంది. మిల్లులో తయారయ్యే కాగితానికి ఒక వాలు ఉంటుంది. మిషను నడిచే దిక్కుకి నార ఎక్కువగా ఒరిగి ఉంటుంది. దాన్నే గ్రెయిన్ అంటారు. పుస్తకంలో ఆ గ్రెయిన్ వెన్నుకి సమాంతరంగా ఉండాలి. అడ్డంగా పడిందా, జిగురు తడికి కాగితం అలలు తిరుగుతుంది, పేజీ తిప్పితే బిర్రబిగుసుకుని వెనక్కి లేస్తుంది. గ్రెయిన్ ఎటుందో చూడ్డం తేలిక. షీటుని మడత పడకుండా ఒకవైపు మెల్లగా వంచి అరచేత్తో తట్టు, తర్వాత రెండోవైపు వంచి తట్టు. ఎటు వంచితే తక్కువ ఎదురుతిరుగుతుందో ఆ వంపు గ్రెయిన్ వెంట ఉన్నట్టు. ఇంకా అనుమానముంటే చిన్న ముక్కకి ఒకవైపు తడి చెయ్యి. గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడవు ఎటుంటే గ్రెయిన్ అటు.

ఇదంతా ఎందుకంటే, బజార్లో దొరికే ఏ4 కాగితంలో సాధారణంగా గ్రెయిన్ పొడుగువైపు ఉంటుంది. దాన్ని సగానికి మడిస్తే మడతకి అడ్డంగా పడుతుంది. అందుకని ఏ4 కట్టలు కొనకు. పెద్ద షీట్లు తీసుకో, కావలసినట్టు అతనే కోసుకుంటాడు. దుకాణంవాడు నాలుగు మడతలు పెట్టి ఇవ్వబోతే వద్దని చెప్పి గొట్టంలా చుట్టించు. మడత పడ్డ షీటు బైండరుకి సగం పోయినట్టే.

చేతికాగితం అయితే ఈ బాధ చాలావరకు లేదు. తొట్టిలోంచి చట్రంతో ఎత్తే కాగితంలో నార అన్ని వైపులా పరుచుకుంటుంది కాబట్టి వాలు పెద్దగా కనిపించదు. జైపూర్ పక్కన సాంగనేర్ చేతికాగితానికి పేరున్న ఊరు. పుదుచ్చేరిలో అరవిందాశ్రమం వాళ్లు చేసేదీ మంచిది. పుణెలో చేతికాగితం సంస్థ 1940 నుంచీ ఉంది. నూలు గుడ్డపీలికలతో చేసిన కాగితం ఎక్కడైనా దొరికితే కళ్లు మూసుకుని కొను. చెక్కగుజ్జుతో చేసి, పటిక కలిపిన పాత కాగితాల్లో ఆమ్లం నిలిచిపోయి, ఏళ్లు గడిచేకొద్దీ అంచులు పొడిపొడిగా రాలిపోతాయి. మన ఇళ్లలో పాత పత్రికలన్నిటికీ పట్టిన గతి అదే. నూలు కాగితానికి ఆ భయం లేదు. లోపలి పేజీలన్నిటికీ చేతికాగితం కొనాలంటే భారమే. అట్టకీ ఫారాలకీ మధ్య అతికించే కాగితాలకి సరిపడా నాలుగు షీట్లు తీసుకున్నా చాలు.

ఇక గుడ్డ. నువ్వు హైదరాబాదులో ఉన్నావు కాబట్టి పోచంపల్లి ఇక్కత్ తెచ్చుకోవడం కష్టం కాదు. పెడన కలంకారీ, మంగళగిరి నూలు గుడ్డ నేను ఇక్కణ్ణుంచి పంపగలను. జరీ ఉన్నదీ, జారిపోయే పట్టూ వద్దు. అట్ట మూలల దగ్గర మాట వినవు. మామూలు చేనేత గుడ్డని నేరుగా అట్ట మీద అతికిస్తే నేతలోంచి జిగురు పైకి ఊరి మరకలవుతుంది. అందుకని ముందు దాని వెనక పల్చటి కాగితం అంటించుకోవాలి. నేపాల్ లోక్తా కాగితం ఆ పనికి బాగుంటుంది, గుడ్డతోపాటు దాన్ని కూడా ఇవ్వు. ఇంకో మాట, వాళ్లమ్మగారు కట్టి కట్టి మెత్తబడ్డ నూలు చీర ఏదైనా ఉంటే, ఆవిణ్ణి అడిగి, ఉతికి ఇస్త్రీ చేసి ఇవ్వు. అంత మంచి గుడ్డ ఏ దుకాణంలోనూ దొరకదు.

జిగురు కొనొద్దు. ఫెవికాల్ అతనే తెచ్చుకుంటాడు, మైదా జిగురు ఇంట్లో ఉడికించుకుంటాడు. పురుగు పట్టకుండా దానిలో మైలుతుత్తం వేసే పాత పద్ధతి అతనికి తెలిసే ఉంటుంది. అది విషం, పిల్లల చేతికి అందనీయకండి.

ఎలాగైనా ఒక్క పనిముట్టు ఇవ్వాలని ఉంటే మడతని నొక్కే ఫోల్డర్ ఇవ్వు. బోన్ ఫోల్డర్ అంటే నిజంగా పశువు ఎముకే. మీ అత్తగారింట్లో నియమాలు నీకు తెలుసు, అందుకే చెబుతున్నాను. టెఫ్లాన్‌తో చేసినవి ఉన్నాయి. వాటితో గుడ్డ మీద రుద్దినా మెరుపు గీత పడదు. వెదురుది కూడా ఫర్వాలేదు.

పోత ఇనుము ప్రెస్సు గురించి కూడా అడిగావు. వెనకటి ఆఫీసుల్లో ఉత్తరాలకి నకళ్లు తీయడానికి అలాంటి స్క్రూ ప్రెస్సులుండేవి. ఆ నకలు యంత్రానికి 1780లో పేటెంటు తీసుకున్నది ఆవిరి యంత్రం జేమ్స్ వాటే. పాత ఇనుప సామాన్ల కొట్లలో వెతికితే ఇప్పటికీ కనబడతాయి. బైండరుకి అంతకన్నా కావలసిందేముంది? కానీ స్క్రూ వంగకుండా ఉందా, పైపలక సమానంగా దిగుతోందా అని తిప్పి చూడాలి. బరువు చాలా ఉంటుంది, మీ ఫ్లాటులో చోటూ చూసుకోవాలి. అతన్ని వెంటబెట్టుకుని వెళ్లి కొనాల్సిన వస్తువది. చెప్పకుండా తెచ్చి ఆశ్చర్యపరచడానికి పనికిరాదు.

చదువుకోవడానికైతే డగ్లస్ కాకరెల్ 1901లో రాసిన ఇంగ్లిష్ పుస్తకం ఇప్పటికీ గురుస్థానంలో ఉంది. అచ్చు ప్రతి దొరికితే తీసుకో.

మన ఇళ్లలో మాత్రమే దొరికే కానుక ఇంకొకటుంది. వారపత్రికల్లో సీరియళ్లు వచ్చే రోజుల్లో ఆడవాళ్లు వారంవారం ఆ పేజీలు చింపి దాచి, అయిపోయాక దారంతో కుట్టి నవలగా చేసుకునేవారు. చందమామలు కూడా ఏడాదికొకటిగా కట్టించేవారు. మీ అత్తగారి అటక మీద అలాంటి కట్ట ఒకటి తప్పకుండా ఉంటుంది. లేకపోతే ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అట్ట ఊడిన పుస్తకం ఒకటి వెతుకు. బాగుచేయడానికి పుస్తకం ఇస్తే ఈ పని చేసేవాళ్లకి ఎంత ఆనందమో. కానీ అరుదైన పాత ప్రతి మీద చెయ్యి పెట్టనీయకు. దాని అసలు అట్టకే విలువ. అలాగే, పుస్తకం ఇచ్చి ఎప్పటికి కడతావని అడక్కు. గడువు పెడితే అది కానుక కాదు, పని అప్పగించడం. బంధువులందరూ చిరిగిన పుస్తకాలు పంపడం మొదలుపెడితే అడ్డం పడాల్సింది కూడా నువ్వే.

కట్టిన పుస్తకం గురించి ఇంకో సంగతి చెబుతాను. తర్వాత పెద్ద శాస్త్రవేత్త అయిన మైకేల్ ఫారడే 1805లో, పద్నాలుగేళ్ల వయసులో, లండన్‌లో ఒక బైండరు దగ్గర పనికి చేరాడు. కట్టడానికి వచ్చిన పుస్తకాలే చదువుకున్నాడు. 1812లో శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, రాసుకున్న నోట్సుని తనే బైండు కట్టి ఆయనకే పంపాడు. మరుసటి ఏడాది రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉద్యోగం దొరికింది. ఆ పుస్తకాన్ని అతను పంపింది తెరిచి చదవడానికే కదా.

ఫారడే సంగతి నీకోసమే చెప్పాను. అల్లుడుగారు నీకు కట్టిచ్చిన నోటుబుక్కు అందంగా ఉందని, గీత పెట్టడానికి మనసొప్పక బీరువాలో దాచానని రాశావు. అలా దాచకు. కట్టినవాడికి తన పుస్తకం సరిగ్గా తెరుచుకుంటోందా, వెన్ను నిలుస్తోందా అన్నది వాడితేనే తెలుస్తుంది. ఈ వారం నుంచే అందులో రాయడం మొదలుపెట్టు. పాలపద్దే రాసుకో, తప్పేం లేదు.

అతను ఎక్కువగా ఏ సైజు పుస్తకాలు కడుతున్నాడో రెండుమూడు కొలిచి, పొడుగు వెడల్పులు రాసి పంపు. నీకు అక్కడ దొరకని కాగితం ఇక్కడ కొట్లలో చూసి, గుడ్డతోపాటు చుట్టించి పంపిస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న