రైజెన్ 7 7700ఎక్స్ అండర్‌వోల్టింగ్: నాలుగు సెట్టింగ్‌లలో మీకు ఏది సరిపోతుంది?

రైజెన్ 7 7700ఎక్స్ కొన్నవాళ్ళలో చాలామందికి మొదటి వారంలోనే ఒక డౌట్ వస్తుంది. "సినీబెంచ్ రన్ చేస్తే టెంపరేచర్ 95 డిగ్రీలు చూపిస్తోంది, ప్రాసెసర్ కాలిపోతుందా?" అని. కాలిపోదు. 2022 సెప్టెంబరులో వచ్చిన ఈ ప్రాసెసర్‌ని 95 డిగ్రీల దాకా వెళ్ళి, అక్కడ తనంతట తనే స్పీడ్ సర్దుకునేలా ఏఎండీ తయారు చేసింది.

అయినా సరే, మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో కూర్చుని వీడియో రెండర్ చేసేవాళ్ళకి ఆ ఫ్యాన్ మోత, కేబినెట్ నుంచి వచ్చే వేడి గాలి ఎలా ఉంటాయో తెలుసు. అందుకే అందరూ అండర్‌వోల్టింగ్ వైపు చూస్తారు. ఎక్కడ వెతికినా ఒకటే సలహా కనిపిస్తుంది: "కర్వ్ ఆప్టిమైజర్‌లో మైనస్ 30 పెట్టేయ్ బ్రో." ఆ సలహా ఒకరి పీసీలో పనిచేస్తుంది, ఇంకొకరి పీసీలో రెండు రోజుల తర్వాత రీస్టార్ట్ చేయిస్తుంది. అసలు ఏ సెట్టింగ్ ఏం చేస్తుంది, వాటిని ఎలా పోల్చాలి అనేది ఈ ఆర్టికల్‌లో ఒక్కొక్కటిగా చూద్దాం.

వోల్టేజ్ కాస్త తగ్గిస్తే వాట్లు ఎందుకు అంతగా తగ్గుతాయి?

ప్రాసెసర్ పనిచేసేటప్పుడు వాడుకునే పవర్‌లో ఎక్కువ భాగం రెండింటి మీద ఆధారపడుతుంది: క్లాక్ స్పీడ్, వోల్టేజ్. క్లాక్ స్పీడ్ పెరిగినంతే పవర్ కూడా పెరుగుతుంది. వోల్టేజ్ విషయంలో మాత్రం లెక్క వర్గంలో ఉంటుంది. ఉదాహరణకి అదే క్లాక్ స్పీడ్‌లో 1.20 వోల్టుల నుంచి 1.10 వోల్టులకి దిగితే, వోల్టేజ్ తగ్గింది 8 శాతమే. కానీ 1.10ని 1.20తో భాగించి వర్గం చేస్తే 0.84 వస్తుంది. అంటే ఆ భాగం పవర్ దాదాపు 16 శాతం తగ్గినట్టే.

మరి కంపెనీయే ఆ తక్కువ వోల్టేజ్ ఎందుకు పెట్టలేదు? ఒకే వేఫర్ నుంచి వచ్చిన రెండు చిప్‌లు కూడా అచ్చం ఒకేలా ఉండవు. అన్నిటికన్నా బలహీనమైన చిప్ కూడా, ఎంత లోడ్ పడినా, కొన్నేళ్ళు వాడాక కూడా తప్పు చేయకూడదు కాబట్టి కొంత మార్జిన్ కలుపుతారు. అండర్‌వోల్టింగ్ అంటే మీ చిప్‌లో ఆ మార్జిన్ ఎంత ఉందో వెతికి, అందులో కొంత వెనక్కి తీసుకోవడం. మొత్తం లాగేసుకుంటే ప్రమాదం.

ముందు ఈ మూడు హద్దులు తెలుసుకోండి

7700ఎక్స్ స్పీడ్ పెంచుకుంటూ పోయేటప్పుడు మూడు హద్దుల్లో ఏదో ఒకటి తగిలి ఆగుతుంది. మొదటిది టెంపరేచర్, 95 డిగ్రీలు. రెండోది సాకెట్‌కి అందే మొత్తం పవర్, దీన్నే పీపీటీ అంటారు. ఈ మోడల్‌కి 142 వాట్లు. మూడోది గరిష్ఠ క్లాక్ స్పీడ్. బూస్ట్ 5.4 గిగాహెర్ట్జ్ అని బాక్స్ మీద రాసేది దీని గురించే.

మీ కూలర్ చిన్నదై టెంపరేచర్ హద్దు దగ్గర ఆగుతుంటే, వోల్టేజ్ తగ్గించాక కూడా స్క్రీన్ మీద 95 డిగ్రీలే కనిపించవచ్చు. మిగిలిన పవర్‌ని ప్రాసెసర్ స్పీడ్ పెంచుకోవడానికి వాడేసుకుంటుంది. "అండర్‌వోల్ట్ చేసినా వేడి తగ్గలేదు" అని చాలామంది అనుకునేది ఇక్కడే. స్కోరు చూడండి, అది పెరిగి ఉంటుంది. వేడే తగ్గాలంటే పవర్ హద్దు కూడా కిందకి జరపాలి.

నాలుగు సెట్టింగ్‌లు, నాలుగు స్వభావాలు

1. ఫిక్స్‌డ్ వోల్టేజ్. అన్ని కోర్లకీ ఒకే వోల్టేజ్, ఒకే స్పీడ్ లాక్ చేయడం. పాత ప్రాసెసర్ల కాలం పద్ధతి. అన్ని కోర్లూ కలిసి పనిచేసే రెండరింగ్‌లో బాగానే ఉంటుంది. కానీ ఒక్క కోర్ 5.4 గిగాహెర్ట్జ్ దాకా వెళ్ళే ఆటోమేటిక్ బూస్ట్ పోతుంది. గేమింగ్, బ్రౌజింగ్, కోడ్ ఎడిటర్ లాంటి రోజువారీ పనుల్లో స్పీడ్ అక్కడే తెలిసేది. రైజెన్‌కి ఇది నష్టం బేరం.

2. నెగటివ్ ఆఫ్‌సెట్. ప్రాసెసర్ ఎంత వోల్టేజ్ అడిగినా, అందులోంచి ఒక స్థిరమైన సంఖ్య తీసేసి ఇవ్వడం. ఉదాహరణకి 50 మిల్లీవోల్టులు. బూస్ట్ పోదు, పెట్టడం తేలిక. కానీ ఇక్కడ ప్రాసెసర్‌కి చెప్పి తగ్గించడం లేదు, అడిగిన దానికన్నా తక్కువ ఇస్తున్నాం. వోల్టేజ్ చాలకపోతే అది క్రాష్ కాకుండా క్లాక్‌ని లోపల్లోపల సాగదీస్తుంది. దీన్ని క్లాక్ స్ట్రెచింగ్ అంటారు. టెంపరేచర్ తగ్గింది, స్పీడ్ అంతే ఉంది అని మనం సంబరపడుతుంటే, జరిగే పని మాత్రం తగ్గిపోయి ఉంటుంది.

3. కర్వ్ ఆప్టిమైజర్. 2020 చివర్లో రైజెన్ 5000 సిరీస్‌తో వచ్చింది. ఏ స్పీడ్‌కి ఎంత వోల్టేజ్ అడగాలి అనే ప్రాసెసర్ సొంత పట్టికనే ఇది మారుస్తుంది. మీరు పెట్టేది మిల్లీవోల్టులు కాదు, కౌంట్లు. ఏఎండీ చెప్పిన లెక్క ప్రకారం ఒక్కో కౌంట్ సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు. మైనస్ 20 అంటే 60 నుంచి 100 మిల్లీవోల్టుల దాకా తగ్గింపు. పైగా ఒక్కో కోర్‌కి విడివిడిగా పెట్టుకోవచ్చు. ఎనిమిది కోర్లూ ఒకేలా ఉండవు కాబట్టి ఇది పెద్ద సౌకర్యం.

4. ఎకో మోడ్ లేదా పీపీటీ తగ్గించడం. నిజానికి ఇది అండర్‌వోల్టింగ్ కాదు. పవర్ హద్దుని 142 వాట్ల నుంచి 88 వాట్లకి జరుపుతారు, అంతే. హద్దు తగిలినప్పుడు ప్రాసెసర్ కాస్త స్పీడ్ తగ్గించుకుంటుంది, ఆ స్పీడ్‌కి కంపెనీ నిర్ణయించిన వోల్టేజే వాడుతుంది. మార్జిన్ చెక్కుచెదరదు కాబట్టి క్రాష్ అయ్యే భయం లేదు. దీనికి సాక్ష్యం కావాలంటే 2023 జనవరిలో వచ్చిన ఎక్స్ లేని రైజెన్ 7 7700 చూడండి. అవే 8 కోర్లు, 16 థ్రెడ్లు, పీపీటీ 88 వాట్లు, బూస్ట్ 5.3 గిగాహెర్ట్జ్. ఏఎండీయే ఆ సెట్టింగ్‌తో ఒక ప్రొడక్ట్ అమ్ముతోంది. చాలా గేముల్లో ఎనిమిది కోర్లూ ఒకేసారి పూర్తిగా నిండవు, అందుకే ఎకో మోడ్‌లో గేమర్‌కి తేడా పెద్దగా తెలియదు. తెలిసేది రెండరింగ్, కంపైలింగ్ లాంటి పనుల్లోనే.

పోల్చేటప్పుడు చూడాల్సిన అంకెలు

టెంపరేచర్ ఒక్కటే చూసి "ఇది బెస్ట్" అనకండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో ఓపెన్ చేసి, సినీబెంచ్ ఆర్23 మల్టీ కోర్ టెస్ట్ 10 నిమిషాలు నడిపి, ప్రతి సెట్టింగ్‌కీ ఈ నాలుగూ రాసుకోండి:

- సినీబెంచ్ స్కోరు. మల్టీ కోర్, సింగిల్ కోర్ రెండూ.
- ప్యాకేజ్ పవర్ సగటు, వాట్లలో.
- ఎఫెక్టివ్ క్లాక్ సగటు. మామూలు క్లాక్ పక్కన పెట్టి చూడాలి.
- టెంపరేచర్, దాంతోపాటు ఆ సమయానికి గది టెంపరేచర్.

ఇందులో మూడోది అసలైన దొంగని పట్టిస్తుంది. ఫుల్ లోడ్‌లో మామూలు క్లాక్, ఎఫెక్టివ్ క్లాక్ దాదాపు సమానంగా ఉండాలి. మామూలు క్లాక్ 5.1 చూపిస్తూ ఎఫెక్టివ్ క్లాక్ దానికన్నా బాగా కింద ఉంటే, అది క్లాక్ స్ట్రెచింగ్. వోల్టేజ్ తగ్గించాక స్కోరు పడిపోయినా అనుమానం అదే.

గది టెంపరేచర్ ఎందుకంటే, మధ్యాహ్నం ఒక సెట్టింగ్, రాత్రి ఇంకో సెట్టింగ్ టెస్ట్ చేస్తే ఆ తేడా గదిదా, సెట్టింగ్‌దా తెలియదు. అన్నీ ఒకే పూట, ఒకే ఫ్యాన్ సెట్టింగ్‌తో, ఒక్కోటి మూడుసార్లు చేయండి.

ఆ తర్వాత స్కోరుని వాట్లతో భాగించండి. ఊరికే ఉదాహరణకి, ఒక సెట్టింగ్‌లో స్కోరు 4 శాతం తగ్గి వాట్లు 30 శాతం తగ్గాయనుకుందాం. 96ని 70తో భాగిస్తే 1.37. అంటే ఒక్కో వాట్‌కి జరిగే పని 37 శాతం పెరిగింది. ఇలా చూస్తేనే ఏది లాభమో తేలుతుంది.

సినీబెంచ్ పాసైతే సరిపోదు

ఈ ఆర్టికల్ మొత్తంలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఈ విషయం గుర్తుపెట్టుకోండి. సినీబెంచ్ మల్టీ కోర్ టెస్ట్‌లో అన్ని కోర్లూ ఒక మోస్తరు స్పీడ్‌లో నడుస్తాయి. తక్కువ వోల్టేజ్ దెబ్బ ఎక్కువగా తెలిసేది ఒక్క కోర్ పూర్తి బూస్ట్‌కి ఎగిరినప్పుడు, లేదా ఖాళీగా ఉన్న పీసీ ఒక్కసారిగా పని అందుకున్నప్పుడు. అందుకే గంటసేపు రెండర్ చేసినా ఏమీ కాని పీసీ, క్రోమ్ ఓపెన్ చేయగానే రీస్టార్ట్ అవుతుంది.

రీస్టార్ట్ అయితే కనీసం తప్పు జరిగిందని తెలుస్తుంది. అంతకన్నా చెడ్డది, ప్రాసెసర్ లెక్క తప్పుగా చేసి ఊరుకోవడం. జిప్ ఫైల్ ఓపెన్ కాదు, ఎక్స్‌పోర్ట్ చేసిన వీడియోలో ఒక ఫ్రేమ్ చెడిపోతుంది, ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ కోడ్ కారణం లేకుండా ఒకసారి కంపైల్ అవుతుంది, ఒకసారి కాదు. నాలుగు డిగ్రీల కోసం ఇది పెట్టుకోదగ్గ బేరం కాదు.

కాబట్టి టెస్టింగ్ ఇలా చేయండి:

1. ముందు ర్యామ్ సంగతి తేల్చుకోండి. ఎక్స్‌పో ఆన్‌లో ఉంటే, కర్వ్ ముట్టుకోకముందే మెమరీ టెస్ట్ ఒకటి నడపండి. లేకపోతే ర్యామ్ తప్పుకి ప్రాసెసర్‌ని తిడతారు.
2. కోర్‌సైక్లర్ అనే ఫ్రీ టూల్ ఒక్కో కోర్‌ని విడిగా పరీక్షిస్తుంది. రాత్రి పడుకునే ముందు పెట్టి వదిలేయండి.
3. పొద్దున లేచాక విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో హ్వీయా లాగర్ ఎర్రర్లు ఉన్నాయేమో చూడండి. అందులో ఏపీఐసీ ఐడీ అని ఒక నంబర్ ఉంటుంది. 7700ఎక్స్‌లో ఒక్కో కోర్‌కి రెండు థ్రెడ్లు కాబట్టి, ఆ నంబర్‌ని రెండుతో భాగిస్తే తప్పు చేసిన కోర్ తెలుస్తుంది. 6 గానీ 7 గానీ వస్తే అది కోర్ 3.
4. ఆ కోర్‌కి ఐదు కౌంట్లు వెనక్కివ్వండి. మిగతావి అలాగే ఉంచండి.

ఇంకో చిన్న విషయం. రైజెన్ మాస్టర్‌లో స్టార్ గుర్తుతో కనిపించే బెస్ట్ కోర్ ఎక్కువ తగ్గింపు తట్టుకుంటుందని అనుకుంటాం. తరచుగా జరిగేది దానికి రివర్స్. దానికి ముందే తక్కువ వోల్టేజ్ ఇచ్చి, ఎక్కువ స్పీడ్ అప్పగించి ఉంటారు. అందుకే బెస్ట్ కోర్లకి మైనస్ 5, 10తో మొదలుపెట్టి, మిగతావాటికి మైనస్ 15తో మొదలుపెట్టడం మంచిది.

మా సిఫార్సు: రెండూ కలిపి, ఈ వరుసలో

ముందు పీపీటీ, ఆ తర్వాత కర్వ్. 88 వాట్ల హద్దు పెట్టాక కర్వ్ ఆప్టిమైజర్‌తో వోల్టేజ్ కాస్త తగ్గిస్తే, అవే 88 వాట్లలో ప్రాసెసర్ ఇంకొంచెం స్పీడ్ తెచ్చుకుంటుంది. ఎకో మోడ్‌లో పోగొట్టుకున్న స్కోరులో కొంత తిరిగి వస్తుంది.

బయాస్‌లో ఏఎండీ ఓవర్‌క్లాకింగ్ మెనూలోకి వెళ్తే ముందు వారంటీ హెచ్చరిక వస్తుంది, చదివి ఒప్పుకోవాలి. తర్వాత ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్‌ని అడ్వాన్స్‌డ్‌కి మార్చండి. అక్కడ లిమిట్స్ అనే చోట 'మదర్‌బోర్డ్' ఎంచుకోకండి, పవర్ హద్దు పైకి పోతుంది. 'మాన్యువల్' ఎంచుకుని పీపీటీ 88 వాట్లు, టీడీసీ 75 ఆంపియర్లు, ఈడీసీ 150 ఆంపియర్లు ఇవ్వండి. చాలా బోర్డుల్లో ఇవి మిల్లీల్లో అడుగుతాయి, కాబట్టి 88000, 75000, 150000 అని కొట్టాలి. ఆ కిందే కర్వ్ ఆప్టిమైజర్, పర్ కోర్, నెగటివ్. అంతా స్టేబుల్ అని తేలాక ఆ సెట్టింగ్‌లని ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి, బయాస్ అప్‌డేట్ చేస్తే చెరిగిపోవచ్చు.

ఇంటెల్ వాడేవాళ్ళకి ఒక మాట

13, 14 జనరేషన్ కోర్ ఐ7, ఐ9 డెస్క్‌టాప్ ప్రాసెసర్లు వాడుతుంటే, అండర్‌వోల్టింగ్ కన్నా ముందు బయాస్ అప్‌డేట్ చేయండి. ఎక్కువ వోల్టేజ్ వల్ల కొన్ని చిప్‌లు క్రమంగా దెబ్బతింటున్నాయని తేలాక, 2024 ఆగస్టు నుంచి ఇంటెల్ మైక్రోకోడ్ అప్‌డేట్లు ఇచ్చింది, వారంటీని రెండేళ్ళు పొడిగించింది. ఇప్పటికే క్రాష్ అవుతున్న చిప్‌ని అప్‌డేట్ బాగుచేయదు, అండర్‌వోల్టింగ్ అసలే బాగుచేయదు. దానికి వారంటీ క్లెయిమే దారి.

ఎవరికి ఏది?

- టెస్టింగ్‌కి టైమ్ లేదు, పీసీ చల్లగా ఉంటే చాలు: ఎకో మోడ్ ఒక్కటి పెట్టి వదిలేయండి.
- గేమింగ్, ఎడిటింగ్ రెండూ చేస్తారు, రెండు మూడు రాత్రులు టెస్టింగ్‌కి ఇవ్వగలరు: 88 వాట్లు, పర్ కోర్ కర్వ్.
- మంచి కూలర్ ఉంది, పూర్తి స్పీడే కావాలి: పీపీటీ 142 దగ్గరే ఉంచి కర్వ్ మాత్రం.
- ఫిక్స్‌డ్ వోల్టేజ్, నెగటివ్ ఆఫ్‌సెట్: ఈ ప్రాసెసర్‌కి అవసరం లేదు.

కరెంటు బిల్లు మీద మాత్రం పెద్ద ఆశలు పెట్టుకోకండి. 142, 88 మధ్య తేడా 54 వాట్లు. రోజుకి నాలుగు గంటలు ఫుల్ లోడ్ చొప్పున నెలంతా నడిపినా మిగిలేది ఆరున్నర యూనిట్లే. అసలు లాభం వేరే చోట ఉంది: ఫ్యాన్ మోత తగ్గుతుంది, గది వేడెక్కదు, రెండర్ మధ్యలో కరెంటు పోతే యూపీఎస్ మీద ఫైల్ సేవ్ చేసుకోవడానికి ఇంకాస్త టైమ్ దొరుకుతుంది.