పెరటి కూరలతో వేసవి భోజనం: మీ ప్రశ్నలకు డాక్టర్ జవాబులు

ఎండలు ముదిరేసరికి వంటింట్లో నిలబడటమే కష్టమవుతోందని, కూరగాయల ధరలు చూస్తే భయమేస్తోందని చాలామంది రాశారు. పెరట్లోనో మిద్దె మీదో నాలుగు పాదులున్న ఇంటికి ఈ రెండు చిక్కులూ సగం తీరినట్టే. మిగతా సగం గురించి ఈసారి ప్రశ్నలు.

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. ఇంట్లో ఐదుగురం. పెరట్లో సొరపాదు, బీరపాదు, తోటకూర మడి, మునగచెట్టు ఉన్నాయి. రోజూ అవే వండుతున్నాను. పిల్లలు మాత్రం ‘ఇవన్నీ నీళ్ల కూరలు, వీటిలో బలమేముంది’ అంటున్నారు. నిజమేనా? పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడకుండా ఏం వండుకోవచ్చు?
– ఒక గృహిణి

జవాబు: పిల్లల మాటలో కొంత నిజం ఉందమ్మా. సొరకాయ, బీరకాయ, పొట్లకాయ, దోసకాయ, బూడిద గుమ్మడికాయ, వీటన్నిటిలోనూ నూటికి 90 పాళ్లకు పైగా నీరే. మాంసకృత్తులు నామమాత్రం. కానీ ఎండాకాలంలో ఒంటికి కావలసింది ఆ నీరే. తాగిన నీళ్లు కాసేపటికే బయటికి పోతాయి. కూరలోంచి వచ్చే నీరు పీచుతో, పొటాషియంతో కలిసి వస్తుంది, తేలిగ్గా అరుగుతుంది. కాబట్టి కూర మార్చనక్కర్లేదు. దానికి పప్పు తోడు చేస్తే చాలు.

మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2000 కేలరీలు అవసరమైన మనిషికి 250 గ్రాముల ధాన్యాలు, 400 గ్రాముల కూరగాయలు, 85 గ్రాముల పప్పుదినుసులు లేదా గుడ్డు, మాంసం వంటివి ఉండాలి. ఆ 400 గ్రాములూ మీకు పెరడే ఇస్తోంది. నేను చూసే చాలా ఇళ్లలో కొరత పడేది పప్పు దగ్గరే. కంచం నిండా అన్నం ఉంటుంది, దాని మీద రెండు గరిటెల పలచని చారు ఉంటుంది. కూరగాయలకు మిగిలిన డబ్బు పెసరపప్పు, కందిపప్పు, వేరుశనగల మీద పెట్టండి. సీసాల్లో వచ్చే రంగు నీళ్ల మీద మాత్రం పెట్టకండి. వాటిలో ఉండేది ప్రధానంగా చక్కెరే.

వండటం అంటారా, వేసవికి పెసరపప్పును మించింది లేదు. ఒక కప్పు పప్పు అరగంట నానబెట్టి, రెండు కప్పుల లేత సొరకాయ ముక్కలు, రెండు పచ్చిమిరపకాయలు, చిటికెడు పసుపు వేసి మూతపెడితే 20 నిమిషాల్లో కుక్కర్ లేకుండానే ఉడుకుతుంది. చెంచాడు నూనెలో జీలకర్ర, వెల్లుల్లి, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు పెట్టి, దించాక నిమ్మకాయ పిండండి. నిమ్మరసం ఉడికేటప్పుడు వేస్తే విటమిన్ సి చాలావరకు పోతుంది. తోటకూర పప్పుకైనా అంతే. ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టాలంటే ఆ పులుపు ఉండాలి, భోజనం అయిన గంట వరకు టీ, కాఫీ జోలికి పోకూడదు.

బీరకాయ చెక్కు పారేయకండి. రెండు చెంచాల నువ్వులో వేరుశనగలో వేయించి, పచ్చిమిర్చి, చింతపండు కలిపి నూరితే బీరపొట్టు పచ్చడి అవుతుంది. మాంసకృత్తులూ వస్తాయి, కూర ఖర్చూ తగ్గుతుంది. మునగాకును చాలామంది వదిలేసి కాయలే కోసుకుంటారు. బరువుకు బరువు చూస్తే మునగాకులో పాలకంటే ఎక్కువ కాల్షియం ఉంటుంది. గుప్పెడు ఆకు పప్పులో వేయండి, మిగిలింది నీడన ఆరబెట్టి, వేయించిన శనగపప్పు, నువ్వులు, ఎండుమిర్చి, వెల్లుల్లితో పొడి కొట్టి ఉంచండి. పిల్లలు మొదటి ముద్దలో నెయ్యితో కలుపుకుంటారు.

ఇవన్నీ పొద్దున ఎండెక్కక ముందే అయిపోవాలి. సాయంత్రం పొయ్యి వెలిగించే పని తక్కువ పెట్టుకోండి. దోసకాయ కోరి పెరుగులో కలిపితే పెరుగు పచ్చడి, బూడిద గుమ్మడి ముక్కలు ఉడికించి మజ్జిగలో వేస్తే మజ్జిగ పులుసు. రాత్రికి ఇంకేం కావాలి?

ప్రశ్న: మా సొరపాదు కాయలు ఈమధ్య చేదుగా వస్తున్నాయి. చేదు ఒంటికి మంచిదంటారు కదా అని రోజూ ఉదయం పచ్చి సొరకాయ రసం తాగుతున్నాను. నిన్న వాంతి అయింది. కారణం ఇదేనా?
– ఒక రిటైర్డ్ ఉద్యోగి, నిజామాబాద్

జవాబు: చేదు రసం వెంటనే ఆపేయండి. కారణం అదే కావచ్చు. ఈ మాట అందరూ జాగ్రత్తగా చదవాలని కోరుతున్నాను.

కాకరకాయ చేదు వేరు, సొరకాయ చేదు వేరు. సొర, బీర, దోస జాతి కాయల్లో కుకుర్బిటాసిన్లు అనే చేదు పదార్థాలు ఉంటాయి. మామూలు కాయలో అవి లెక్కలోకి రానంత తక్కువ. నీటి ఎద్దడి, విపరీతమైన ఎండ, అడవి రకంతో పరాగ సంపర్కం జరిగిన విత్తనం, వీటిలో ఏదున్నా పెరిగిపోతాయి. అలాంటి కాయ రసం తాగినవాళ్లకు నిమిషాల్లోనో కొద్ది గంటల్లోనో కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు మొదలై, కొందరికి రక్తం వాంతి కావడం, బీపీ పడిపోవడం జరిగింది. ప్రాణాలు పోయిన సందర్భాలూ మన దేశంలో ఉన్నాయి. 2011లో భారత వైద్య పరిశోధన మండలి దీని మీద హెచ్చరిక కూడా ఇచ్చింది. విరుగుడు మందంటూ లేదు. సెలైన్ పెట్టి, కడుపుకు మందులిచ్చి కాపాడుకోవాల్సిందే.

కాయ కోయగానే చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదు తగిలితే ఉమ్మేసి, నోరు పుక్కిలించి, కాయ మొత్తం పారేయండి. ఉడికిస్తే పోతుందని నమ్మవద్దు, బెల్లమో నిమ్మరసమో కలిపి చేదు కప్పిపుచ్చవద్దు. ఆ కాయల గింజలు విత్తనానికి ఉంచుకోకండి. అసలు సొరకాయను పచ్చి రసంగా తాగాల్సిన పనే లేదు. కూరగా తింటే పీచు దక్కుతుంది, రుచి తేడా నోటికి వెంటనే తెలుస్తుంది. మీకు మళ్లీ వాంతి అయినా, మలం నల్లగా వచ్చినా, కళ్లు తిరిగినా ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఏం తాగారో డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

ప్రశ్న: మా పెరట్లో గంగవాయిలి కూర దానంతటదే మొలుస్తుంది. ఎండాకాలం అంతా దానితోనే పప్పు. ఇంతకుముందు ఒకసారి కిడ్నీలో రాయి వచ్చింది. ఆకుకూరలు, టమాటాలు మానేయమంటున్నారు. మానాలా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: గంగవాయిలి చాలా మంచి కూర. ఆకుకూరల్లో అరుదుగా దొరికే ఒమేగా-3 కొవ్వు దీనిలో ఉంటుంది, పైసా ఖర్చు లేదు. అయితే పాలకూర, తోటకూర, చుక్కకూరల్లాగే దీనిలోనూ ఆక్సలేట్లు ఎక్కువ. రాళ్లలో ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేట్‌వే కనుక మీరు రోజూ తినకండి. వారానికి ఒకసారి, ఆకును ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు వార్చేసి పప్పులో కలుపుకోండి, అదే భోజనంలో పెరుగు తినండి. పెరుగులోని కాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ను పట్టేసి మలంతో పంపేస్తుంది. రాళ్లున్నాయని పాలు, పెరుగు మానేసేవాళ్లు సరిగ్గా తిరగబడ్డ పని చేస్తున్నారు. టమాటాలో ఆక్సలేట్ తక్కువే, దాన్ని అనవసరంగా నిందిస్తున్నాం. సొర, బీర, దోస మీకు ఏ రోజైనా నిశ్చింతగా తినదగ్గవి.

అన్నిటికంటే ముఖ్యం నీళ్లు. రోజుకు రెండు, రెండున్నర లీటర్ల మూత్రం రావాలి. ఎండాకాలం చెమటకు పోయేది కూడా లెక్కేసుకుని తాగాలి. మూత్రం గోధుమ రంగుకు తిరిగిందంటే తాగింది చాలలేదని అర్థం.

మరొక మాట. గుండె కవాటం ఆపరేషన్ తర్వాత వార్ఫరిన్, ఎసిట్రోమ్ వంటి మందులు వాడేవాళ్లు ఆకుకూరల మోతాదు ఒక్కసారిగా పెంచడం, తగ్గించడం చేయకూడదు. ఎప్పుడూ ఒకే తీరుగా తినాలి.

ప్రశ్న: నాకు 62 ఏళ్లు. బీపీ, షుగర్ ఉన్నాయి. చెమట ఎక్కువని మజ్జిగలో ఉప్పు దండిగా వేసుకుంటున్నాను. కొత్త ఆవకాయ కూడా వచ్చేసింది. పెరట్లో మామిడిచెట్టు ఉంది. ఏం తినాలి, ఏం మానాలి?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: నీడపట్టున ఉండేవారికి ఎండాకాలమని అదనపు ఉప్పు అక్కర్లేదు. రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను. ఊరగాయ తింటే ఆ లెక్క అక్కడికక్కడే తప్పుతుంది. ఆవకాయ బదులు మామిడికాయ పప్పు చేయించుకోండి. పులుపు బాగా ఉంటే ఉప్పు తగ్గినా నాలుకకు లోటు తెలియదు. మజ్జిగలో ఉప్పు బదులు అల్లం, కరివేపాకు, పుదీనా నలిపి వేసుకోండి.

మామిడిపండు పూర్తిగా మానమని చెప్పను. షుగర్ అదుపులో ఉంటే రెండు మూడు ముక్కలు, అదీ అన్నం మీద కాకుండా సాయంత్రం పూట విడిగా. రసం తీయొద్దు. రాగి అంబలి తాగితే షుగర్ పెరగదని చాలామంది అనుకుంటారు. అదీ పిండి పదార్థమే, జావగా కాచాక మరీ తొందరగా రక్తంలో కలుస్తుంది. అన్నానికి బదులుగా తాగాలి, అన్నంతో పాటుగా కాదు.

కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం కథ మారుతుంది. కొబ్బరినీళ్లు, ఆకుకూరలు, మార్కెట్లో దొరికే ‘తక్కువ సోడియం’ ఉప్పు, వీటన్నిటిలో పొటాషియం ఉంటుంది. మీ డాక్టరును అడగకుండా ముట్టుకోకండి. నీటి మాత్రలు వాడుతూ లేచి నిలబడగానే కళ్లు తిరుగుతుంటే సొంతంగా మానేయకుండా వెళ్లి బీపీ చూపించుకోండి.

ప్రశ్న: మా అమ్మాయికి నాలుగో నెల. పెరట్లోంచి కోసిన దోసకాయ, కొత్తిమీర పచ్చిగా తినొచ్చా?
– ఒక తల్లి, కర్నూలు

జవాబు: తినొచ్చు, పారే నీటి కింద బాగా కడిగి. పిల్లులు తిరిగే మట్టిలో టాక్సోప్లాస్మా అనే క్రిమి ఉండొచ్చు, కడుపులో బిడ్డకు అది హాని చేస్తుంది. అందుకే మడుల్లో పని తనకు చెప్పకండి, చేయాల్సి వస్తే గ్లౌజులు వేసుకోమనండి.

ప్రశ్న: మా ఆయన కూలి పనికి పొద్దున ఆరింటికే వెళ్తారు. చద్దన్నం తిని, మధ్యాహ్నానికి కూర అన్నం గిన్నెలో పట్టుకెళ్తారు. ఎండకు పాడవుతుందేమోనని భయం. ఏం పెట్టి పంపాలి?
– ఒక మహిళ, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: చద్దన్నం మంచిదేనమ్మా, చేసే పద్ధతి మంచిదైతే. వండిన అన్నంలో చావని ఒక రకం క్రిమి బీజాలు ఉంటాయి. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి పడి ఉంటే అవి పెరిగి విషం వదులుతాయి. మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. కాబట్టి రాత్రి అన్నం చల్లారిన వెంటనే శుభ్రమైన గిన్నెలో కాచి చల్లార్చిన నీళ్లు పోసి, కొద్దిగా మజ్జిగ కలిపి మూతపెట్టండి. ఆ పులుపులో క్రిములు తొందరగా పెరగలేవు. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో పొద్దున్నే తినేయాలి. జిగురు తగిలినా, వాసన తేడాగా ఉన్నా పారేయండి. చంటిపిల్లలకు, గర్భిణులకు పెట్టవద్దు.

గిన్నెలోకి జొన్నరొట్టె, ఉల్లిపాయ, వేరుశనగ పొడి పెట్టండి. అవి పాడవవు. కూర కావాలంటే నీరు ఇగిరిన బీరకాయ వేపుడు, చింతపండు వేసిన గోంగూర పచ్చడి. పెరుగన్నం, కొబ్బరి పచ్చడి మధ్యాహ్నానికి నిలవవు. ఎండలో చెమటోడ్చేవారికి ఉప్పు కలిపిన జొన్న అంబలి, మజ్జిగ అవసరమే. ఇంతకుముందు పెద్దాయనకు చెప్పిన ఉప్పు కట్టడి మీ ఆయనకు వర్తించదు, బీపీ లేకపోతే. వాంతులు, విరేచనాలు అయితే ఓఆర్ఎస్ ప్యాకెట్ కలపండి. అది లేనప్పుడు లీటరు నీటికి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, తల కొట్టిన టీస్పూనుతో కొలిచి.

పని మీద మనిషి మాట తడబడినా, తికమకగా ప్రవర్తించినా, ఒళ్లు కాలిపోతూ స్పృహ తప్పినా అది వడదెబ్బ. అప్పుడు నోట్లో ఏమీ పోయకండి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా చల్లటి నీళ్లతో తడుపుతూ విసరండి, వెంటనే 108కి ఫోన్ చేయండి. ఈ మాట ఆయనతో పనికి వెళ్లేవాళ్లందరికీ చెప్పమనండి.