వయ్యారిభామ పుప్పొడే పాఠం

ప్రశ్న: కాలేజీలో జీవశాస్త్రం చెబుతాను. రైతులకు వైరస్ గురించి ఎలా చెప్పాలి?
– ఒక అధ్యాపకురాలు, అనంతపురం

జవాబు: చేను గట్టు దగ్గరే మొదలుపెట్టాలి.

2000లో అనంతపురం జిల్లాలో సుమారు 2.25 లక్షల హెక్టార్ల వేరుశనగకు కాండం కుళ్లు తెగులు సోకింది. కారణం పొగాకు స్ట్రీక్ వైరస్. ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు దాని దారి పట్టుకున్నారు. వయ్యారిభామ అనే కలుపు మొక్కలో వైరస్ ఉన్నా, అది పచ్చగానే కనిపిస్తుంది. పుప్పొడి మాత్రం దాన్ని మోస్తుంది. ఆ పుప్పొడి వేరుశనగ ఆకుమీద పడ్డాక, తామర పురుగులు గీకిన గాట్లలోంచి వైరస్ లోపలికి పోతుంది.

కాబట్టి ఉపన్యాసం వద్దు. చేతికి తొడుగు వేసుకుని (ముట్టుకుంటే దురద పెడుతుంది), వయ్యారిభామ పూలను నల్లగుడ్డ మీద దులిపి, రాలిన పొడిని భూతద్దంలో చూపాలి. ఏ గట్టు వైపు మొక్కలు ముందు ఎండాయో రైతునే అడగాలి. కలుపును పూతకు ముందే పీకడం, చేను చుట్టూ నాలుగు వరుసలు జొన్నో సజ్జో వేయడం ఎందుకో అప్పుడు ఆయనే చెబుతాడు.