మాట్లాడే పలక – మరణించినవారి జవాబు

ఆ మధ్య ఒక సోదరి తన కూతురిని వెంటబెట్టుకుని వచ్చారు. అమ్మాయి హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. తండ్రి చనిపోయి ఏడాది అయింది. స్నేహితురాళ్ళు కాగితం మీద అక్షరాలు రాసి, నాణెం పెట్టి, మీ అబ్బాతో మాట్లాడిస్తామన్నారట. “అబ్బా! నామీద కోపంగా ఉన్నారా?” అని అడిగితే నాణెం ‘అవును’ వైపు జరిగిందట. అప్పటినుంచి ఆ పిల్లకు నిద్ర లేదు. “మౌల్వీసాబ్! నిజంగా అబ్బానే వచ్చారా?” అని ఏడ్చింది.

ఈ ప్రశ్నకు జవాబు ప్రతి ముస్లిం ఇంటికీ తెలిసి ఉండాలి.

ఈ పలక ఎక్కడిది?

ఆ కాగితం ఊయిజా బోర్డుకు నకలు. చాలామంది దీన్ని ప్రాచీన విద్య అనుకుంటారు. నిజానికిది అమెరికా అంగడి సరుకు. 1848లో న్యూయార్క్ రాష్ట్రంలో ఫాక్స్ అక్కాచెల్లెళ్ళు ఆత్మలు చప్పుళ్ళతో జవాబిస్తున్నాయని చెప్పి పేరు పొందారు. వారిలో మార్గరెట్ 1888లో ఆ చప్పుళ్ళు తన కాలివేళ్ళ కీళ్ళతో చేసినవేనని జనం ముందే ఒప్పుకుంది. తర్వాత మాట మార్చింది. కానీ ఆ వెర్రి ఆగలేదు. 1891లో బాల్టిమోర్‌కు చెందిన ఎలైజా బాండ్ పేరిట ఈ పలకకు పేటెంటు వచ్చింది. అది ఆటవస్తువుగా అమ్ముడుపోయింది.

పలక పైభాగాన సూర్యుడి బొమ్మ పక్కన ‘అవును’, చంద్రుడి బొమ్మ పక్కన ‘కాదు’, మధ్యలో అక్షరాలు, అంకెలు, అడుగున ‘సెలవు’ అని ఉంటాయి. చూసేవారికి ఏదో పరలోకపు తలుపు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది.

పాత బాణాలు, కొత్త పలక

అజ్ఞాన కాలపు అరబ్బులు ప్రయాణానికో పెళ్ళికో ముందు బాణాలు తీసేవారు. ఒకదానిమీద ‘చెయ్యి’ అని, మరొకదానిమీద ‘వద్దు’ అని అర్థమిచ్చే రాత ఉండేది. మూడోది ఖాళీ. ఖాళీది వస్తే మళ్ళీ తీసేవారు. అల్ మాయిదా సూరా 90వ ఆయతులో అల్లాహ్ ఈ బాణాలను అసహ్యకరమైన షైతాను పనుల్లో చేర్చి, వాటికి దూరంగా ఉండమని ఆజ్ఞాపించాడు. ఆ బాణాలకూ ఈ పలకకూ తేడా ఏముంది? ‘అవును’, ‘కాదు’ అనే రాతలు చెక్క మారాయి, అంతే.

కదిపేది ఎవరు?

1853లో మైఖేల్ ఫారడే అనే శాస్త్రవేత్త, ఆత్మలు కదుపుతున్నాయన్న బల్లలను పరీక్షించాడు. కూర్చున్నవారి చేతులే, వారికి తెలియకుండా, బల్లను నెడుతున్నాయని తేల్చాడు. పలక విషయమూ ఇంతే. మనసులోని ఆశో భయమో వేలిని నడిపిస్తుంది.

మరి షైతాను? మనసులో దుష్ప్రేరణలు కలిగించడం వాడి పని. జ్యోతిష్కుల చెవిలో జిన్ను వేసే ఒక్క నిజానికి నూరు అబద్ధాలు కలుస్తాయని దైవప్రవక్త (స) తెలిపారు. పైగా జిన్నులకు అగోచర జ్ఞానం లేదు. సులైమాన్ (అ) చేతికర్రకు ఆనుకుని మరణిస్తే, చెద ఆ కర్రను తినేసి ఆయన పడిపోయేవరకు జిన్నులకు తెలియలేదని సబా సూరా చెబుతోంది.

మరణించినవారికీ ఈ లోకానికీ మధ్య బర్జఖ్ అనే అడ్డు ఉంది. నాణెం మీద వేలు పెట్టి పిలిస్తే వారు రారు. వేలు నడిపించినా, షైతాను ఆడించినా, అక్కడికి వచ్చినది మాత్రం తండ్రి కాదు.

ఇప్పుడేం చేయాలి?

‘సరదాకే చేశాం’ అనే సాకు చెల్లదు. జోస్యుడి దగ్గరికి వెళ్ళి అడిగినవాడి నమాజు నలభై రాత్రులు స్వీకరించబడదని సహీహ్ ముస్లిం హదీసు హెచ్చరిస్తోంది. అయినా తౌబా ద్వారం తెరిచే ఉంది. తల్లిదండ్రులు పిల్లల్ని కొట్టకండి. ‘గాలి సోకింది’ అంటూ తాయెత్తుల బాబాల దగ్గరికి తీసుకెళ్ళకండి. అది ఒక గుంటలోంచి తీసి మరో గుంటలో పడేయడమే. ఏదైనా నిర్ణయం తీసుకోవాలంటే దైవప్రవక్త (స) నేర్పిన ఇస్తిఖారా నమాజు ఉండగా పలకతో పనేమిటి?

ఆ అమ్మాయికి నేను చెప్పింది ఇదే: “బేటీ! ఆ ‘అవును’ మీ అబ్బాది కాదు, నీ దుఃఖానిది. మనిషి చనిపోతే అతని కర్మలు ఆగిపోతాయి, మూడు తప్ప. వాటిలో ఒకటి సంతానం చేసే దుఆ. ఆయన మాట నీకు వినిపించదు. నీ దుఆ మాత్రం అల్లాహ్ అనుగ్రహంతో ఆయనకు మేలు చేస్తుంది. ప్రతి నమాజులో ఆయన మన్నింపు కోసం వేడుకో.”

అల్లాహ్ మన ఇళ్ళను షిర్క్ నుంచి, షైతాను మోసాల నుంచి కాపాడుగాక! మన మృతులను మన్నించుగాక! ఆమీన్.