కొత్త జాతి అని ఎప్పుడనాలి?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగితే, మా చదువులో నుంచే ఒక ముక్క చెబుదామనుకున్నాం. మేము జంతుశాస్త్రంలో ఎం.ఎస్సీ. చదువుతున్నాం. మా ఇంట్లో డిగ్రీ చదివింది మేమే మొదలు. కాబట్టి తమ్ముళ్ళకు ఏదైనా అర్థం కాకపోతే ఆ తప్పు మాదే.

మేము ఇంటర్‌లో ఉండగా, ఒక వానాకాలం రాత్రి స్టడీ అవర్ అయ్యాక వరండా ట్యూబులైటు కింద బొటనవేలంత పెంకు పురుగు పడింది. బూడిద రంగు ఒళ్ళు, మెడ మీద రెండు ఎర్రటి మచ్చలు, ఒంటికంటే ఎంతో పొడవైన మీసాలు. పట్టుకుంటే కిర్రుమని అరిచింది. వారం తిరక్కుండా ఇంకొకటి దొరికింది. దాని మీసాలు పొట్టి. ఇంకేముంది, ఇవి రెండు జాతులు, అందులో ఒకటి తప్పకుండా కొత్తదే అని గదిలో తీర్మానించేశాం. మా ఊరి పేరు కలిపి దానికి ఒక పేరు కూడా నోటుబుక్కులో రాసుకున్నాం! జామెట్రీ బాక్సులో పెట్టుకుని లెక్చరర్ గారి దగ్గరకు వెళ్ళాం. ఆయన రెండే ప్రశ్నలు అడిగారు. "ఏ తేదీన, ఎక్కడ దొరికాయి?" మేము రాసుకోలేదు. "వీటిలో మగది ఏది, ఆడది ఏది?" ఆ ఆలోచనే మాకు రాలేదు.

ఈ కుటుంబం పేరు సెరాంబిసిడే. ఇందులో చాలా వాటికి మగదాని మీసాలు ఆడదానికంటే పొడవు. మాకు దొరికినవి ఒకే జాతి జంట. పేరు బాటోసెరా రూఫోమాక్యులేటా, అంటే ఎర్ర మచ్చలది. ఆ పేరు పెట్టింది 1775లో స్వీడన్ దేశస్థుడు చార్లెస్ డి గీర్. మన మామిడి తోట చూడనివాడు, ఎండిన పురుగును చూసి రాశాడు. అప్పట్లో దాన్ని సెరాంబిక్స్ అనే ప్రజాతిలో చేర్చాడు. తరువాతి వాళ్ళు ప్రజాతి మార్చారు కాబట్టి ఇప్పుడు ఆయన పేరును బ్రాకెట్లలో రాస్తారు. పరీక్షలో బ్రాకెట్లు ఎందుకని అడిగితే జవాబు ఇదే.

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఆ పురుగు సంగతి చెప్పాం. మా నాయన మామిడి తోటలో కూలి చేసేవాడు. మాను మీద రంధ్రం, కింద రంపపు పొట్టు కనబడితే ఇనుప తీగ దూర్చి పురుగును లాగి, పెట్రోలులో ముంచిన దూది కుక్కి బురదతో మూసేవాడు. తెల్లగా, లావుగా ఉండే ఆ లోపలి పురుగు ఈ పెంకు పురుగు పిల్లే. నాయనకు లోపలిది తెలుసు, బయట ఎగిరేది అదేనని తెలియదు. మాకు బయటిది తెలుసు, లోపలిది తెలియదు.

మరి నిజంగా కొత్తదని ఎలా తేలుస్తారు? "మేము చూడలేదు" అంటే చాలదు. మీసంలో ఎన్ని కణుపులు (సాధారణంగా 11), ఏది ఎంత పొడవు, కన్ను మీసం మొదట్లో ఎలా వంగి ఉంది, వక్షం పక్కన ముల్లు ఉందా, రెక్కల మీద గుంటలు ఎలా ఉన్నాయి, మగదాని జననాంగం ఆకారం ఏమిటి, అన్నీ సూక్ష్మదర్శిని కింద కొలవాలి. పాదం మరీ చిత్రం. చూడడానికి నాలుగు కణుపులే, నిజానికి అయిదు, నాలుగోది చిన్నదై దాక్కుని ఉంటుంది. ఇవన్నీ కొలిచాక, దగ్గరి జాతులన్నిటితో పోల్చాలి. ఈ కుటుంబంలో పేరు పెట్టినవే 35 వేలకు పైన ఉన్నాయి! మన దేశపు వాటి మీద గహాన్ 1906లో పెద్ద గ్రంథం రాశాడు గానీ, మన మామిడి పురుగు ఉన్న లామినే ఉపకుటుంబం అందులో లేదు.

పుస్తకంతో కూడా పని తీరదు. ఇప్పుడు కొత్త జాతికి పేరు పెడితే సాక్ష్యంగా సాధారణంగా ఒక నమూనాను చూపుతారు. దాన్ని హోలోటైప్ అంటారు. అనుమానం వస్తే దానితోనే సరిచూడాలి. మన అడవుల్లో పట్టిన ఎన్నో పాత నమూనాలు లండన్, పారిస్ మ్యూజియాల్లో ఉన్నాయి. మన పురుగు మనదో కాదో తేల్చుకోవడానికి అక్కడికి ఉత్తరం రాయాలి! ఇది మాకు కొంచెం బాధగానే ఉంటుంది. ఇప్పుడు చాలా మ్యూజియాలు ఫొటోలు ఇంటర్నెట్టులో పెడుతున్నాయి, అది నయం.

పేరు పెట్టడానికి అంతర్జాతీయ నియమావళి ఉంది. 2000 నుంచి అమలులో ఉన్న నాలుగో కూర్పు ప్రకారం ఇది కొత్త జాతి అని స్పష్టంగా రాయాలి, హోలోటైప్ ఏదో, ఏ సంస్థలో భద్రపరిచామో చెప్పాలి. మన జీవవైవిధ్య చట్టం, 2002 కూడా కొత్త జాతి దొరికితే నిర్ణీత సంస్థకు తెలిపి నమూనా ఇవ్వాలంటుంది. ఊరి పేరు, గురువు పేరు పెట్టవచ్చు. సొంత పేరు పెట్టుకోవడం మాత్రం మర్యాద కాదు.

పేరుకు ఇంత రభస ఎందుకంటారా? ఒకే పురుగు రెండు పేర్లతో తిరిగితే దాని గురించి తెలిసింది రెండు ముక్కలవుతుంది. ఒక పేరు కింద ఉన్న మందు సంగతి రెండో పేరు చదివినవాడికి అందదు. నష్టపోయేది తోటవాడు.

తమ్ముళ్ళూ, లైటు కింద పురుగు దొరికితే ముందు చీటీ రాయండి. తేదీ, ఊరు, మండలం, జిల్లా, లైటు దగ్గరా లేక ఏ చెట్టు మీదా, పట్టినవాడి పేరు. చీటీ పెన్సిలుతో రాయండి, సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది. మీసాలు ఇట్టే విరుగుతాయి, జామెట్రీ బాక్సులో మాత్రం పెట్టకండి. మా పొడవు మీసాలది అలాగే విరిగింది.