క్రిస్మస్ ట్రీ మన చెట్టేనా?



డిసెంబరు వస్తే మెట్టుగూడ బాల్కనీల్లో కుండీల్లోని క్రిస్మస్ ట్రీలకు స్టార్లు వేలాడతాయి. మొన్న క్లాసులో ఒక పాప, "మేడం, ఇది మన చెట్టేనా?" అని అడిగింది. మంచి ప్రశ్న. దాని అసలు పేరు అరౌకేరియా. పుట్టిల్లు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల మధ్య ఉన్న నార్‌ఫోక్ దీవి. ఇది కోనిఫర్ జాతి. తెలంగాణ అడవుల్లో కోనిఫర్లు వాటంతట అవి పెరగవు.

వాటికి దూరపు చుట్టం మాత్రం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. ఇంటర్ బోటనీలో వివృతబీజాల పాఠం గుర్తుందా? అందులోని సైకస్‌లో ఒక జాతి, సైకస్ బెడ్డోమీ, తిరుమల చుట్టూ ఉన్న శేషాచలం కొండల్లో పెరుగుతుంది. మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్ పేరు మీద 1883లో దానికి ఆ పేరు పెట్టారు. ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది, ఎదుగుదల చాలా నెమ్మది. మందుల కోసం దాని మగ శంకువులను కోసేస్తుంటారు. ఇప్పుడది అంతరించే ప్రమాదంలో ఉంది. అడవి నుంచి తెచ్చామని ఎవరైనా అమ్మజూపితే దయచేసి కొనకండి.

నర్సరీల్లో 'సాగో పామ్' పేరుతో దొరికేది జపాన్ వైపు సైకస్. చూడముచ్చటగా ఉంటుంది కానీ మొక్కంతా విషమే, గింజలు మరీనూ. తింటే వాంతులవుతాయి, కాలేయం దెబ్బతినవచ్చు. ఆకు కొసలు ముళ్లలా గుచ్చుకుంటాయి. పాకే పాపాయి, పెంపుడు కుక్క ఉన్న ఇంట్లో అది వద్దనే నా మాట. పిల్లలు నోట్లో పెట్టుకుంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, ఆ ముక్క కూడా తీసుకెళ్లండి.

కుండీకి అరౌకేరియానే నయం. నీళ్లు నిలవని మట్టి కావాలి. పైమట్టి వేలికి పొడిగా తగిలాకే నీళ్లు పోయండి. రోజూ పోస్తే వేళ్లు కుళ్లుతాయి. పొద్దుటి ఎండ మంచిది, ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో నీడకు జరపండి. వెలుతురు ఒకవైపే తగిలితే మొక్క అటే వంగుతుంది, అందుకే వారానికోసారి కుండీని కొంచెం తిప్పండి. ఆ పని పిల్లలకే అప్పజెప్పండి.

ఒక్క జాగ్రత్త వాళ్లకు ముందే చెప్పాలి. నడి కొన చిగురు తుంచితే చెట్టు ఆకారం చెడిపోతుంది. కింది కొమ్మలు ఎండి రాలితే ఆ చోట మళ్లీ రావు. స్టార్ బరువైనదైతే కొనకు కాకుండా పక్కన కర్ర పాతి దానికి కట్టండి.