యంత్రవీరునికి వర్ణలేపనం

బల్లమీద యుద్ధక్రీడ ఆడేవారికి బొమ్మలే సైన్యం. ఇంగ్లండుకు చెందిన గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ 1987లో ‘వార్‌హామర్ 40,000’ అనే భవిష్యత్కాల యుద్ధక్రీడను వెలువరించింది. అందులో సామాన్య సైనికుని బొమ్మ అంగుళం పైచిలుకు ఉంటుంది. 2014లో వచ్చిన ‘ఇంపీరియల్ నైట్’ అనే మహాకాయ రోబో ఎత్తు 6 అంగుళాలకు పైమాటే.

బొమ్మ పెద్దదైతే రంగు వేయడం సులభమని తోస్తుంది. కాని చిన్న బొమ్మలో కుంచె తడబాటును ముడతలు, పట్టీలు కప్పిపుచ్చుతాయి. రోబో భుజకవచం నున్నని విశాలతలం. రంగు చిక్కగా పడితే కుంచె చారలు కొట్టవచ్చినట్లు కనిపిస్తాయి. అందుకే నీటితో పలుచన చేసిన రంగును, ఒక పూత ఆరిన పిదపనే మరొక పూతగా వేస్తారు. కవచపు పలకలను అతికించక ముందే విడివిడిగా చిత్రిస్తారు. అతికించిన తరువాత లోపలి యంత్రభాగాలకు కుంచె చేరదు. అతుకు పడే చోట మాత్రం రంగు తగలనీయరాదు. జిగురు ప్లాస్టిక్‌ను కరిగించి పట్టుకొంటుందే గాని, రంగుమీద నిలువదు.

ఇక తేలికైన ఆ బొమ్మ వేల మణుగుల ఇనుములా తోచాలి. సందులలో నల్లని పలుచని రంగు, అంచుల వెంట సన్నని లేతగీత, పాదాలకు ధూళి, ఫిరంగి మూతికి మసి ఆ భ్రమను కల్పిస్తాయి. పెచ్చులూడిన రంగును చూపడానికి స్పాంజి ముక్కతో అద్దుతారు. ఉత్సాహవంతులు అతి చేసేది ఇక్కడే. పెచ్చులు మోకాళ్ళ వద్ద, అంచుల వద్ద సహజం. ఒళ్ళంతా అద్దితే యోధుడు పోయి తుప్పుపట్టిన డబ్బా మిగులుతుంది.